మిగులు తాడు

అరచేతుల్లో ఉమ్మి రాసుకుని, రెండు పీచు పోగులు మోకాలి మీద పరిచి, బొడ్డమ్మ తాడు పేనుతోంది. ఎదురుగా పోలయ్య కత్తి నూరుతున్నాడు. కత్తి ఎప్పుడో పదునెక్కింది. అయినా రాయి మీద నీళ్లు చల్లుతున్నాడు, కత్తి లాగుతున్నాడు, ఓరగా ఆమె వేళ్ల కేసి చూస్తున్నాడు.

"సూత్తే బిగువైపోతాదా?" అంది బొడ్డమ్మ తలెత్తకుండానే.

"నాను కత్తి సూసుకుంటన్నాను."

"కత్తి నీ సేతిలో ఉంది మావా. కళ్లు మాత్రం నా సేతి మీదున్నాయి."

పోలయ్య మరో చారెడు నీళ్లు రాయి మీద పోశాడు.

ఆదివారం బోడికొండ ఎక్కుడు. మాఘ పున్నమి దాటాక వచ్చే మొదటి ఆదివారం, చుట్టుపక్కల ఊళ్లలో కొబ్బరిచెట్లెక్కి కాయలు దింపేవాళ్లంతా ఆ కొండ దగ్గరికి చేరతారు. ఒకడికి ఇంకొకడితో పందెం ఉండదు. ఎవడి పందెం వాడితోనే. ఇంటి ఆడమనిషి పేనిన తాడు ఒకటి వెంట తెచ్చుకుంటాడు. కొండ మొదట్లో దాన్ని వెదురుగెడకి వేలాడదీసి కింది కొస అంటిస్తారు. కిళ్లీబడ్డీ దగ్గర బీడీలకి పెట్టిన తాడులాగ అది మంట లేకుండా, నుసి రాలుస్తూ, పైకి పాకుతుంది. అంటించగానే మనిషి బయల్దేరాలి. కొండ నెత్తిన రాతికి ఒక రైలుపట్టా ముక్క కట్టి ఉంది. దాని మీద గుండుతో కొడితే ఆ చప్పుడు కిందికి వినబడుతుంది. వినబడగానే కింద ముసలి రత్నాలమ్మ తాడుకున్న నిప్పు తుంచేస్తుంది. కాలకుండా ఉన్నదాన్ని మిగులు అంటారు. మిగులు తెచ్చుకుని గుమ్మానికి కట్టుకుంటారు. మరుసటేడు తాడుని అంత పొట్టి చేసి పేనుకుంటారు. అంటే ప్రతివాడి తాడూ వాడు ఎప్పుడో ఒక మంచిరోజున ఎక్కినంత పొడవే ఉంటుంది. తాడు పొట్టిదవుతూ ఉంటుంది, మనిషి ముసలవుతూ ఉంటాడు.

వదులుగా పేనిన తాడులో గాలి దూరి బేగి కాలిపోతుంది. బిగువుగా పేనింది నెమ్మదిగా కాలుతుంది. ఈ సంగతి తెలియని ఇల్లు లేదు. అందుకే ఏటేటా ఒకే తీరున పేనడం ఆడదాని పరువు. తాడు బాగోలేదని ఏ మగాడూ అనడు. అంటే ఇంట్లో అన్నం ఉండదు.

పోలయ్య తాడు రెండు మూరలకి బెత్తెడు తక్కువ. అది అక్కడే ఆగిపోయి చాన్నాళ్లయింది. నిరుడైతే అతను కొండ మీద గుండెత్తేసరికి కింద తాడు మొత్తం నుసి అయిపోయింది. ఓడినవాణ్ని చూసి కొండ దగ్గర ఎవరూ నవ్వరు. ఒక గ్లాసు మజ్జిగ ఇస్తారు. నవ్వేది తరవాత, టీకొట్టు దగ్గర. ఆ టీకొట్టు దగ్గర నవ్వు తట్టుకోలేక పోలయ్య పదిమంది వింటుండగా ఒక మాట అనేశాడు.

"వచ్చే ఏడు కూడా తాడే నెగ్గితే సెట్టెక్కడం ఒగ్గెత్తాను."

అతని చేతిలో టీ చల్లారేలోపు ఆ మాట బొడ్డమ్మ చెవిన పడింది.

"ఇదుగో, అయిపోనాది" అని బొడ్డమ్మ తాడు కొస ముడేసి, రెండు చేతులతో ఒకసారి లాగి చూసి, దండెం మీద పడేసింది. "కత్తి ఇంక ఒగ్గీ. అరిగిపోతాది."

శుక్రవారం తిరుపతిరావు తోటలో దింపు. జీడిచెట్లు పూత మీదున్నాయి. వాటి నడుమ పాతకాలపు కొబ్బరిచెట్లు ఆకాశంలోకి పోయాయి. కాళ్లకి బందం వేసుకుని, కత్తి వీపు వెనక మొలలో దోపుకుని, పోలయ్య ఒక్కో చెట్టూ ఎక్కి దిగుతున్నాడు. కింద బొడ్డమ్మ తమ్ముడు ఢిల్లీరావు కాయలేరి కుప్ప పోస్తున్నాడు.

గట్టు వారనున్న చెట్టుని తుఫాను ఒకప్పుడు వంచేసింది కానీ చంపలేదు. అది పక్కకి ఒరిగి, మళ్లీ నిటారుగా లేచింది. పోలయ్య దాని మొవ్వు కిందికి చేరుకుని, ఎడమచేత్తో మట్ట పట్టుకుని, కత్తి వెనకవైపుతో ఒక కాయ మీద తట్టాడు. ముదురు కాయ. గెల కోశాడు. గెల దభీమని పడింది. ఇంక పక్క గెలకి జరగాలి. జరగాలంటే ఎడమచెయ్యి పట్టుకున్న మట్టని వదలాలి.

చెయ్యి వదల్లేదు.

వదలమని మనసులో చెప్పాడు. చెయ్యి వినలేదు. వేళ్ల కణుపులు తెల్లబడ్డాయి. గాలి లేదు, చెట్టు ఊగడం లేదు, అయినా మెడ వెనకనుంచి చెమట వీపు మీదికి దిగింది. ఇది మొదటిసారి కాదు. దసరాకి ముందు ఒకసారి అయింది. కార్తీకంలో మళ్లీ అయింది. ఎవరికీ చెప్పలేదు. ఏమని చెప్పాలి? చెట్టెక్కేవాడికి భయం పట్టిందంటే చేపకి జలుబు చేసిందన్నట్టుంటుంది.

"ఏటి బావా, పైనే కాపురం పెట్టీసినావా?" అని కింద నుంచి ఢిల్లీరావు అరిచాడు.

"కందిరీగలున్నాయిరా. కదలకు."

"నాను కింద కదిల్తే పైన కందిరీగలకేటి?"

పోలయ్య కళ్లు మూసుకున్నాడు. నుదురు మట్టకి ఆనించి ఊపిరి లెక్కలేకుండా పీల్చి వదిలాడు. కాసేపటికి చిటికెన వేలు వదిలింది. తరవాత దాని పక్క వేలు. చెయ్యి తనది అయ్యాక, పక్క గెల జోలికి పోకుండా, మాను మీద ఛాతీ గీసుకునేంత దగ్గరగా దిగిపోయాడు.

తిరుపతిరావు గొడుగు చంకలో పెట్టుకుని వచ్చి, చెట్టు కేసి చూశాడు. మంచి మనిషే. నెమ్మదిగా మాట్లాడతాడు.

"ఇంకో రెండు గెలలున్నాయి కదా పోలయ్యా."

"పచ్చివి బాబూ."

"అవునా" అన్నాడు తిరుపతిరావు, ఎండకి ముదురు రంగు తిరిగిన ఆ గెలల్ని ఇంకోసారి చూసి. "ఆదివారంతో నీ సంగతి తేలిపోతాది కదా. పలాసలో మిషను కట్టుకుని ఎక్కే కుర్రోళ్లున్నారట. నాకైతే నువ్వెక్కితేనే ఇష్టం. కానీ సోమారం ఎవులో ఒకలు రావాల. కాయ ఆగదు."

"నానే వత్తాను బాబూ."

"వత్తే మంచిదే."

మధ్యాహ్నం జీడిచెట్టు నీడలో క్యారేజీలు విప్పారు. ఢిల్లీరావు ఉల్లిపాయ కొరుకుతూ ఉన్నట్టుండి తనలో తాను నవ్వుకున్నాడు.

"ఏట్రా?"

"ఏటీ లేదు బావా. మా అక్క మొక్కు గుర్తొచ్చింది. తెల్దేటి నీకు? నువ్వు సెట్టు దిగిపోతే అమ్మోరికి సీరా, కోడిపెట్టా ఇత్తానని మొక్కింది."

పోలయ్య చేతిలో ముద్ద ఆగింది. "ఎవులు సెప్పినారు?"

"మా ఆవిడికి అక్కే సెప్పింది. ఇప్పుడు నీ తాడు పేనిందెవులు? అక్క! దొంగ సేతికి తాళాలిచ్చి తొంగున్నావు బావా నువ్వు." ఢిల్లీరావు పొలమారేదాకా నవ్వాడు. "ఆదివారం నీ తాడు సిచ్చుబుడ్డిలాగ ఎలగాల!"

నవ్వించాలనే అన్నాడు. మనసులో ఏదీ పెట్టుకునే మనిషి కాదు. కానీ పోలయ్యకి ఆ మాట చేపముల్లులాగ అడ్డం పడింది. మిగిలిన అన్నం కాకులకి వేశాడు.

సాయంత్రం ఇంటికొచ్చి కాళ్లు కడుక్కోకుండానే దండెం దగ్గరికి పోయాడు. తాడుని వేళ్ల మధ్య నలిపి చూశాడు. గోటితో పురి విప్పి చూశాడు. నిరుటి తాడు ఇలాగే ఉందా? ఇంతకన్నా బిగువుగా ఉందా? కాలిపోయిన తాడు ఎలా ఉందో ఎవరికి గుర్తుంటుంది?

"కుర్రదాని జడ సూసినట్టు సూత్తన్నావేటి?" బొడ్డమ్మ పొయ్యి దగ్గర నుంచి అడిగింది.

"వదులుగున్నట్టుంది."

గరిటె చప్పుడు ఆగిపోయింది. ఆమె లేచొచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఏటన్నావు?"

"ఏటీ లేదు. వదులేమో అని."

"ఏటేటా పేనినట్టే పేనినాను. నచ్చకపోతే నువ్వే పేనుకో."

"మొక్కు మొక్కినావట కదా."

బొడ్డమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుంది. ఒక్కో వేలూ విడిగా తుడుచుకుంది.

"మొక్కినాను. నువ్వు పైనుండగా ఫోను మోగితే నా గుండె ఆగిపోతాది. అందుకు మొక్కినాను. దానికీ తాడుకీ ఏటి సమ్మంధం?"

ఆ పూట ఇద్దరి కంచాల్లోనూ కూర అలాగే ఉండిపోయింది.

శనివారం పొద్దున్నే, "బారువెల్లి ఎండుసేపలు తెత్తాను" అని చెప్పి పోలయ్య ఆటో ఎక్కాడు.

బారువలో చేపలు అమ్మే చోటికి పోలేదు. తిన్నగా ఒడ్డుకి నడిచాడు. పడవ నీడలో బైరాగి వల బాగు చేసుకుంటున్నాడు. పాతికేళ్ల నాటి పరిచయం. బైరాగి ఇంటి వెనక నాలుగు కొబ్బరిచెట్లకి దింపు పోలయ్యదే.

"రా రా బావా! సేపలకా?"

"తాడుకి."

బైరాగి వలలోంచి చెయ్యి బయటికి తీశాడు. "ఉద్దానంలో తాడు లేక బారువొచ్చినావా? సముద్రంలో నీల్లు లేవని నాను నీ నూతి కాడికి వచ్చినట్టుంది."

"ఆవుకి కావాల. మీ తాడు గట్టిగుంటాది."

ఏరు సముద్రంలో కలిసేచోట ఉప్పునీటి మడుగుల్లో కొబ్బరి డొక్కలు నానబెట్టి, ఆ పీచుతో బారువ వాళ్లు తాడు పేనుకుంటారు. ఇనపకడ్డీలాగ ఉంటుంది. అంటిస్తే కాలనా వద్దా అన్నట్టు కాలుతుంది. బైరాగి మూలనున్న చుట్ట లాగి, ఒక కొస చేతికిచ్చాడు. పోలయ్య అన్నిటికంటే సన్నపుది ఏరుకున్నాడు.

"ఇది ఆవుకా?" అన్నాడు బైరాగి. "ఆవా, కోడిపెట్టా?"

పోలయ్య నవ్వలేదు. తాడు మొలలో చుట్టుకుని, దాని మీద చొక్కా దింపుకున్నాడు. తిరుగు ఆటోలో అంతసేపూ అది నడుముని కొరుకుతూనే ఉంది. ఊరి మొదట్లో దిగి, తోట గట్టు వెనక ఎండలో ఆరబెట్టి, తన తాడంత పొడవు కొలిచి కోసుకుని, మళ్లీ మొలలో దాచుకున్నాడు. యాభై ఏళ్లు దాటిన మనిషి. గట్టు వెనక నక్కి ఆ పని చేస్తుంటే, జామకాయలు దొంగిలించినట్టనిపించింది.

"సేపలేవీ?" అంది బొడ్డమ్మ.

అప్పుడు గుర్తొచ్చింది. "బాగోలేవు."

"బారువలో ఎండుసేపలు బాగోలేవా!" ఆమె అతని మొహం కేసి చూసింది. ఆ చూపు మొల దాకా దిగి, అక్కడ కొంచెంసేపు ఆగి, మళ్లీ పైకొచ్చింది. "పోనీలే. సారు కాసినాను" అని లోపలికి పోయింది.

ఆదివారం మంచు దిగింది. ఢిల్లీరావు ఆటో తెచ్చాడు. అందరూ ఎక్కాక బొడ్డమ్మ, "తలుపు గెడ పెట్టినానో లేదో" అని దిగి ఇంట్లోకి పోయి వచ్చింది. కొండ దగ్గరికి చేరేసరికి తూర్పు తెల్లబడుతోంది కానీ కొండ సగం నుంచి పైకి కనబడడం లేదు. వెదురుగెడ పాతి ఉంది. పక్కన పిడకల నిప్పు. మగాళ్లు గోచీలు బిగించుకుంటున్నారు. ఆడవాళ్లు దుప్పట్లు కప్పుకుని ఒక పక్కన గుంపుగా కూర్చున్నారు.

రత్నాలమ్మ పేరు పిలిచింది. తాడు చూసుకునేది ఆవిడే. కళ్లు మసకబారాయి గానీ వేళ్లకి అన్నీ తెలుసు. పోలయ్య ఇచ్చిన తాడుని తడిమి, ఒకసారి ఆగింది.

"ఈ పాలి బలే బిగువుగుందిరా."

"అలగే పేనింది అప్పా."

అనేశాక ఆడవాళ్ల కేసి చూడలేకపోయాడు.

తాడు ఒక పట్టాన అంటుకోలేదు. రత్నాలమ్మ బుగ్గలు పొంగేలా ఊదింది. చివరికి ఎర్ర చుక్క కనబడింది. "ఎల్లు!" అంది.

మొదట ఈతపొదలు, తరవాత గులకరాళ్ల జారుడు, ఆ పైన ఏనుగు బండ, ఆ పైన నిలువు. నిరుడు ఈతపొదల్లోనే లగెత్తాడు. తాడు వెనకనుంచి తరుముతున్నట్టు లగెత్తి, జారుడు దగ్గరికే ఊపిరి అయిపోయి, ఏనుగు బండ మీద కూలబడ్డాడు. ఎక్కేవాడికి తన తాడు కనబడదు. కనబడని నిప్పు మనిషిని తినేస్తుంది.

ఈసారి లగెత్తలేదు. తాడు నెమ్మదిది. కాలనా వద్దా అనే తాడు. ఆ ధైర్యంతో అడుగు మీద అడుగు వేశాడు. గులకరాళ్ల మీద పాదం అడ్డంగా పెట్టాడు. జారినప్పుడు జారనిచ్చి, ఆగినచోట నుంచి మళ్లీ ఎక్కాడు. ఊపిరి కాళ్లతో కలిసి నడిచింది. ఏనుగు బండ వచ్చింది. ఆగాలనిపించలేదు. బండ పక్కనుంచి చేతులతో పాకి, నిలువు మీద పడ్డాడు. తొడలు మండాయి గానీ వంగిపోలేదు. మంచు కిందికి జారిపోయి, ఒక్కసారిగా ఎండ మొహాన కొట్టింది. అంతలోనే రైలుపట్టా కనబడింది. ఇంత దగ్గరగా ఉందేమిటి, అనుకున్నాడు.

గుండెత్తి కొట్టాడు. ఒకసారి చాలు. మూడుసార్లు కొట్టాడు.

రాతి అంచు మీద నిలబడి చూశాడు. కింద మంచు పాలపొంగులాగ ఉంది. దానికవతల కొబ్బరితలలు, వాటికవతల ఇనపరేకులాగ సముద్రం. పాదాల వేళ్లు రాయి అంచు దాటి ఉన్నాయి. కిందికి వంగి కూడా చూశాడు. ఏమీ కాలేదు. చేతులు వదులుగా వేలాడుతున్నాయి. రాయి ఊగదు. రాయి తనని మోస్తోంది, తను రాయిని పట్టుకోనక్కర్లేదు. ఎడమచెయ్యి ఎత్తి, వేళ్లు మూసి తెరిచి చూసుకున్నాడు. కొత్త మనిషి చెయ్యి చూసినట్టు చూసుకుని, దిగడం మొదలుపెట్టాడు.

కిందికొచ్చేసరికి గుంపు గెడ చుట్టూ మూగి ఉంది.

తాడు గెడకే వేలాడుతోంది. కింది కొస నాలుగు వేళ్ల మేర నల్లగా ఉంది. మిగతాదంతా అలాగే ఉంది.

"ఆరిపోనాది పోలయ్యా" అంది రత్నాలమ్మ. "నువ్వింకా జారుడు మీదుండగానే ఆరిపోనాది. ఆరిపోతే మళ్లీ అంటించకూడదు కదా."

పోలయ్య తాడు ముట్టుకున్నాడు. చెమర్చి ఉంది. నిన్న ఎండలో పెళపెళలాడిన తాడు, మంచు పడేసరికి ఉప్పు మూటలాగ నీరు తాగేసింది. పుట్టి బుద్ధెరిగి కొబ్బరిపీచులో బతికినవాడికి ఈ మాత్రం తట్టలేదు.

రత్నాలమ్మ వేలితో తాడు తుడిచి, నాలిక మీద పెట్టుకుంది.

"ఉప్పు" అంది.

ఆ ఒక్క ముక్కతో తలలన్నీ బొడ్డమ్మ వైపు తిరిగాయి.

"ఉప్పునీల్లు పట్టించినావా వదినా?" అంది ఒకామె. "మొగుడు నెగ్గాలని?"

"నెగ్గాలనా? దిగిపోవాలని మొక్కింది కదమ్మా! ఆర్పీడానికే పట్టించుంటాది" అంది ఇంకొకామె.

"ఏదైతేనేటి, తాడులో సెయ్యి పెట్టడమే కదా."

"అక్కా, ఏటిది?" అన్నాడు ఢిల్లీరావు. వాడి మొహం కందిపోయింది. ఇప్పుడు నవ్వడం లేదు.

బొడ్డమ్మ గుంపుకి వెనకగా, జీడికొమ్మ పట్టుకుని నిలబడి ఉంది. ఒక చెయ్యి దుప్పటి లోపలుంది. ఒక్కసారి పోలయ్య కేసి చూసింది. ఆ చూపులో తిట్టు లేదు. తిట్టున్నా బాగుండేది. ఆమె నోరు విప్పితే సరిపోతుంది, అది నా తాడు కాదని. విప్పడం లేదు. మొగుడి పరువు ఆమె పళ్ల మధ్య పట్టుకుని నిలబడింది.

పోలయ్య గొంతు సవరించుకున్నాడు. ఎక్కేటప్పుడు రాని దగ్గు ఇప్పుడొచ్చింది.

"అది మా ఇంటి తాడు కాదు."

"ఏటీ?"

"బారువ తాడు. నానే తెచ్చినాను. దానికి తెల్దు."

పిడకల నిప్పు చిటపటమంది. రత్నాలమ్మ మసక కళ్లతో అతని గొంతు వైపు చూసింది.

"మరి ఇంటి తాడు పేన్లేదేటి అది?"

"పేనింది."

"పెళ్లాం పేనిన తాడు నమ్మలేదా?"

పోలయ్య నేల చూశాడు. అబద్ధం ఒకటి దొరికింది గానీ, బయటికి రాలేదు.

"నమ్మలేదు."

ఎవరూ నవ్వలేదు. కొండ దగ్గర నవ్వకూడదు. ఉప్పునీళ్ల మాట అన్న ఆమె దుప్పటి మొహం మీదికి లాక్కుంది. రత్నాలమ్మ తాడు ఊడదీసి నిప్పుల్లో పడేసి, కుండలోంచి గ్లాసుడు మజ్జిగ ముంచి అందించింది.

"తాగు. ఈ ఏడు నీకు లెక్క లేదు. నెగ్గనూ లేదు, ఓడనూ లేదు" అని, ఇంకో పేరు పిలిచింది.

ఆటో దాకా పోలయ్య పోలేదు. రోడ్డెక్కి ఇంటి దారిన నడిచాడు. వెనక చెప్పుల చప్పుడు వినబడింది. కాసేపటికి బొడ్డమ్మ అతన్ని దాటుకుని ముందుకి పోయింది. జీడితోటల మధ్య రోడ్డు, పూత వాసన, అప్పుడప్పుడూ పలాస వైపు పోయే బండి. చాలా దూరం అలాగే నడిచారు. కల్వర్టు దగ్గరికొచ్చాక ఆమె దిమ్మ మీద కూర్చుంది. పోలయ్య నిలబడ్డాడు.

"కూకో."

కూర్చున్నాడు.

బొడ్డమ్మ దుప్పటి లోపల నుంచి చెయ్యి తీసి, గుప్పిట విప్పింది. అరచేతిలో తాడు ముక్క. ఒక కొస ముడి. ఇంకో కొస కాలి, నలిపేసి ఉంది.

"ఏటిది?"

"తాడు. దండెం మీదే ఒగ్గీసి బయల్దేరినావు కదా. పేనిన తాడు కొండకి రాకపోతే ఎలాగ? ఆటో దిగెల్లి తెచ్చినాను. ముసిల్ది నీది అంటించినప్పుడే ఎనకాలెల్లి, ఆ పిడక నిప్పుతోనే దీన్నీ అంటించి జీడికొమ్మకి కట్టినాను. నీ సప్పుడు ఇనబడగానే నలిపీసినాను. ఏలు కాలింది, సూడు."

చూపుడువేలు మీద పొక్కు తేలింది. పోలయ్య ఆ వేలు చూశాడు. తాడు చూశాడు. మళ్లీ వేలు చూశాడు. ముక్క తన చేతిలోకి తీసుకుని ముడి దగ్గర నుంచి కొలిచాడు. నాలుగు వేళ్లకి పైనే ఉంది.

మిగులు. పదేళ్లలో అతనికెప్పుడూ ఇంత మిగల్లేదు.

"నెగ్గినానా?"

"నెగ్గినావు మరి. కొండమేకలాగ ఎక్కినట్టున్నావు. సప్పుడొచ్చేసరికి నానే నమ్మలేదు."

"అక్కడెందుకు సూపించలేదే?"

"సూపిత్తే ఏటి? ముసిల్ది సేతిలో కాలింది కాదు కాబట్టి లెక్క లేదంటారు. పైగా నువ్వు పెళ్లాం తాడు దాసీసి దొంగ తాడు తెచ్చినావని నాను సెప్పినట్టవుతాది. సెప్పాలంటే నువ్వే సెప్పాల. సెప్పినావు." ఆమె పొక్కు మీద ఊదుకుంది. "బేగి సెప్పలేదు గానీ, సెప్పినావు."

పోలయ్య తాడు ముక్కని వేళ్ల మధ్య తిప్పాడు. పురి అంతా ఒకేలా ఉంది. బిగువూ కాదు, వదులూ కాదు.

"నాను దిగిపోవాలనే కదా మొక్కినావు. దీన్ని కాలవలో పడీసి ఊరుకుంటే నాకెప్పటికీ తెలీదు. ఆరిపోనాది, ఇంక సెట్టొద్దు మావా అంటే నాకు నోరు లేకపోయేది."

"నా మొక్కు నాది. నీ కొండ నీది. రెండూ కలిపి పేన్ను" అంది బొడ్డమ్మ. "రేపు తిరుపతిరావు బాబు తోటకెల్లు. నెగ్గినోడివి, ఎక్కు. నాను ఫోను కొంగున కట్టుకుని కూకుంటాను."

కల్వర్టు కింద నీళ్లు సన్నగా పారుతున్నాయి. ఒక లారీ జీడిగింజల బస్తాలతో పోయింది. పోలయ్య దాని దుమ్ము అణగడం చూశాడు. గెలిచాడు. కాళ్లు గట్టివే. ఊపిరి గట్టిదే. ఇంక ఎవడూ, టీకొట్టు వాడు కూడా, ముసలోడని అనలేడు. ఆ మాట తేలిపోయేసరికి, దాని చాటున నక్కి ఉన్నది బయటికొచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఎడం సెయ్యి వదల్దే" అన్నాడు.

"ఏటి?"

"పైకెల్లాక మట్ట పట్టుకుంటే సెయ్యి వదల్దు. దసరా కాడ్నించి. మొన్న తిరుపతిరావు బాబు తోటలో కూడాను. కందిరీగలని సెప్పీసినాను. కందిరీగల్లేవు, ఏటీ లేవు." ఎడమచెయ్యి ఒళ్లో పెట్టుకున్నాడు. "కొండ మీద ఏటీ అవలేదు. సెట్టు మీదే. భయమేత్తందే బొడ్డీ. సెట్టంటే భయమేత్తంది."

అన్నాక తల వంచుకుని కూర్చున్నాడు. ఆకాశం ఏమీ విరిగి పడలేదు. భుజాల మధ్య ఎక్కడో బిగుసుకుని ఉన్నది సడలి, ఒళ్లంతా ఒకేసారి బరువు దిగింది. దింపు అయ్యాక బందం ఊడదీసినప్పుడు పాదాలకి ఉండే హాయి అది.

బొడ్డమ్మ అతని కేసి అలాగే చూసింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తరవాత అవి కిందికి రాకముందే నవ్వొచ్చింది.

"ఓలమ్మా! ఈ ఒక్క మాట సెప్పడానికి బారువెల్లి, కొండెక్కి, ఊరందరి ముందూ నన్ను దొంగలాగ నిలబెట్టాలేటి మావా? అరుగు మీద కూకుని సెప్తే నాకు ఇనబడదా?"

పోలయ్యకీ నవ్వొచ్చింది. ముందు ముక్కులోంచి వచ్చింది. తరవాత కడుపులోంచి. దిమ్మ మీద ముందుకీ వెనక్కీ ఊగుతూ, కళ్లు తుడుచుకుంటూ, చాన్నాళ్లకి నవ్వాడు.

"కాయలు ఒలుత్తాను" అన్నాడు నవ్వు మధ్యలో. "కుప్ప దగ్గర కూకుని ఒలుత్తాను. పైకి మిషనోణ్ని పిలుసుకోమని బాబుకి నానే సెప్తాను."

"సెప్పు. నాను కోడిపెట్టని సూసుకోవాల, సీర సూసుకోవాల. అమ్మోరు ఊరుకోదు." బొడ్డమ్మ లేచి, కొంగు దులుపుకుని, కళ్లకి చెయ్యి అడ్డం పెట్టి రోడ్డు కేసి చూసింది. "లెగు మావా, ఎండెక్కుతంది. బేగి ఎల్దాం."

పోలయ్య కాళ్లు చాపుకున్నాడు.

"ఇంకాసేపు కూకుందామే" అన్నాడు. "బేగి ఎల్లి సేసేదేటుంది?"